కొలత ముందు... కోత తరువాత!

బేస్ గిటార్ పెట్టెకు రంధ్రం పెంచితే పెరిగేది మోతే, స్వరం కాదు
* లెక్క తప్పితే స్పీకరుకే ముప్పు
* గొట్టం ముక్కతోనే సరిదిద్దుకునే వీలు

పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా మొదలవుతుంది. కీబోర్డు, ప్యాడ్లు, గాయకుల గొంతులు స్పష్టంగా వినిపిస్తున్నా బేస్ గిటార్ మాత్రం పలుచగా పలుకుతున్నట్లు తోస్తుంది. మరునాడు దాని స్పీకరు పెట్టె వడ్రంగి దుకాణానికి చేరుతుంది. ముందు పలకకు ఉన్న గుండ్రని రంధ్రాన్ని రంపంతో మరో రెండంగుళాలు వెడల్పు చేయిస్తారు. ఆ సాయంత్రం వాయించి చూస్తే గుండె అదిరేంత మోత. పని ఫలించిందని బృందం సంతోషిస్తుంది. నాలుగైదు కచేరీలు గడిచేసరికి స్పీకరులో గరగర మొదలవుతుంది. ఒకనాడు పాట మధ్యలోనే కోను బిగుసుకుపోతుంది.

చిన్న బృందాలకు ఇది మామూలు నష్టం కాదు. కాయిల్ చుట్టించడానికి అయ్యే ఖర్చు ఒక ఎత్తయితే, ముహూర్తాల రోజుల్లో మరో పెట్టెను అద్దెకు తెచ్చుకోవలసి రావడం మరో ఎత్తు. వచ్చిన పారితోషికంలో సగం అక్కడే కరిగిపోతుంది. స్పీకరు నాసిరకమనో, ఆంప్లిఫయరు ఎక్కువ శక్తి గలదనో అనుకుంటారు తప్ప తప్పంతా ఆ రంధ్రం దగ్గరే జరిగిందన్న సంగతి చాలామందికి తట్టదు. పెట్టెకు ఉన్న రంధ్రం కేవలం శబ్దం బయటికి పోయే దారి కాదు. అది వాద్యంలో తీగ వంటిది. దానికీ ఒక శ్రుతి ఉంటుంది. ఆ శ్రుతి ఏమిటో తెలుసుకోకుండా రంపం పట్టడమే అసలు చిక్కు.

గాలి కూడా స్ప్రింగే

ఖాళీ సీసా నోటి అంచున ఊదితే ఒక స్వరం పలుకుతుంది. సీసాలో కొంత నీరు పోసి ఊదితే స్వరం హెచ్చుతుంది. లోపల గాలికి ఉన్న చోటు తగ్గడమే దీనికి కారణం. ఘట వాద్యకారుడు కుండ నోటిని పొట్టకు అదుముతూ, వదులుతూ నాదాన్ని మార్చడంలో ఉన్నదీ ఇదే సూత్రం. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో ఈ ప్రతిధ్వనిని వివరించాడు. నేటికీ దానిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

స్పీకరు పెట్టెలో జరిగేది కూడా ఇదే. పెట్టెలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. రంధ్రంలో, దానికి అమర్చిన గొట్టంలో ఉన్న గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువులా ముందుకూ వెనుకకూ ఊగుతుంది. పెట్టె పెద్దదైతే స్ప్రింగు మెత్తబడి శ్రుతి తగ్గుతుంది. గొట్టం పొడవైతే బరువు పెరిగి శ్రుతి ఇంకా తగ్గుతుంది. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద అంటించి నాదాన్ని దించినట్లే ఇదీ. రంధ్రం వెడల్పైతే మాత్రం ఫలితం తిరగబడుతుంది. గాలి సులభంగా కదులుతుంది, శ్రుతి హెచ్చుతుంది. 'పెద్ద రంధ్రం అయితే లోతైన స్వరం' అన్న నమ్మకం తారుమారయ్యేది ఇక్కడే.

అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పనిచేసిన ఆల్బర్ట్ థూరాస్ ఈ తరహా పెట్టెకు 1932లో పేటెంటు పొందాడు. కోను వెనుక వైపు పుట్టే శబ్దాన్ని వృథా పోనీయక, రంధ్రం గుండా ముందుకు తెచ్చి బేస్‌కు బలం చేకూర్చడం ఆయన ఆలోచన. లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్‌ను 1951లో మార్కెట్‌లోకి తెచ్చాక ఈ వాద్యానికి తగిన పెట్టెల అవసరం పెరిగింది. అయినా చాలాకాలం కొలతలు ఊహల మీదే నడిచాయి. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో వెలువరించిన పరిశోధన, 1970వ దశకం ఆరంభంలో రిచర్డ్ స్మాల్ దానిని విస్తరించిన తీరు ఈ పనికి లెక్కలు ఏర్పరచాయి. నేడు స్పీకరు వెంట వచ్చే కాగితంలో కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే అంకెలు ఆ ఇద్దరి కృషి ఫలితమే.

రెండంగుళాల కోత ఏం చేస్తుంది?

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన 'ఈ' తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంటే 41 హెర్ట్జ్. ఆపై 'ఏ' తీగ 55, 'డి' తీగ 73, 'జి' తీగ 98 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. అయిదు తీగల గిటార్ అయితే అదనపు 'బి' తీగ 31 హెర్ట్జ్ వరకు దిగుతుంది.

ఇప్పుడు లోపల 100 లీటర్ల చోటు ఉన్న ఒక పెట్టెను తీసుకుందాం. దానికి 10 సెంటీమీటర్ల వ్యాసం, 12 సెంటీమీటర్ల పొడవు గల గొట్టం ఉంటే దాని శ్రుతి సుమారు 35 హెర్ట్జ్. ఆ గొట్టాన్ని తీసివేసి ప్లైవుడ్ మందమే మిగిలేలా వట్టి రంధ్రం ఉంచితే శ్రుతి 51కి పెరుగుతుంది. రంధ్రాన్ని 15 సెంటీమీటర్లకు వెడల్పు చేస్తే 64 దాటుతుంది. 12 సెంటీమీటర్ల గొట్టాలే రెండు అమర్చినా శ్రుతి 35 నుంచి 49కి ఎగబాకుతుంది.

మరి కోత కోసిన సాయంత్రం మోత పెరిగినట్లు అనిపించడం భ్రమా? పూర్తిగా భ్రమ కాదు. అంతకుముందు 35 దగ్గర ఉన్న బలం 60, 70 హెర్ట్జ్‌ల ప్రాంతానికి వచ్చి చేరింది. చెవికి ఆ ప్రాంతం తేలికగా అందుతుంది కనుక పెట్టె ఒక్కసారిగా గట్టిగా మోగినట్లు ఉంటుంది. అయితే ఏ స్వరం వాయించినా అదే 'భుం' వినవస్తుంది. మెట్టు మారినా స్వరం మారినట్లు తెలియదు. అడుగు స్వరాలు మాత్రం ముందుకన్నా పలుచబడతాయి. పాటకు పునాది వేయవలసిన వాద్యం వట్టి డప్పు మోతగా మిగులుతుంది.

అసలు ముప్పు ఇదీ

పెట్టె శ్రుతి దగ్గర ఒక వింత జరుగుతుంది. గొట్టంలోని గాలి పెద్దగా ఊగుతూ శబ్దంలో అధిక భాగాన్ని తానే అందిస్తుంది. కోను మాత్రం దాదాపు నిలిచిపోతుంది. ఆ స్థాయిలో స్పీకరు మీద యాంత్రికమైన ఒత్తిడి అతి తక్కువ.

శ్రుతి కిందికి దిగితే కథ మారుతుంది. లోపలి గాలి కోనుకు దన్నుగా నిలవదు. గొట్టం గుండా తేలికగా బయటికీ లోపలికీ పోతుంది. ఆసరా లేని కోను హద్దు మీరి ఊగుతుంది. పైగా గొట్టం నుంచి వచ్చే శబ్దం కోను శబ్దానికి ఎదురు నిలుస్తుంది. అందువల్ల కదలిక ఎక్కువ, వినిపించేది తక్కువ. వినిపించడం లేదని వాద్యకారుడు బేస్ మీట మరింత తిప్పుతాడు. వాయిస్ కాయిల్ వెనుక పలకకు తగులుతుంది. అంచు చిరుగుతుంది. గరగర అక్కడినుంచే పుడుతుంది.

35 హెర్ట్జ్ శ్రుతి గల పెట్టెలో 'ఈ' తీగ క్షేమంగా పలుకుతుంది. రంధ్రం వెడల్పు చేసి 64కు చేర్చిన పెట్టెలో 'ఈ' తీగతో పాటు 'ఏ' తీగ కూడా ఈ ప్రమాద ప్రాంతంలో పడుతుంది. అంటే ప్రతి పాటలోనూ స్పీకరుకు దెబ్బ తగులుతూనే ఉంటుంది.

రంపం తీసే ముందు...

బేస్ పలుచబడిన ప్రతిసారీ నేరం రంధ్రానిది కాదు. ముందుగా తేలికైన కారణాలు వెతకడం మేలు.

మొదటిది తీగల పొరపాటు. రెండు పెట్టెలు పక్కపక్కన వాడుతున్నప్పుడు ఒకదానిలో ప్లస్, మైనస్ తారుమారైతే ఒక కోను ముందుకు వస్తుండగా మరొకటి వెనుకకు పోతుంది. బేస్ పరస్పరం రద్దయిపోతుంది. ఆంప్లిఫయరు నుంచి తీగ ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణకాలం తాకిస్తే సంగతి తెలుస్తుంది. బ్యాటరీ ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలినప్పుడు రెండు పెట్టెల కోనులూ ఒకే వైపు కదలాలి.

రెండవది గాలి కారడం. అతుకులు విడినా, స్పీకరు చుట్టూ రబ్బరు పట్టీ చెడినా, జాక్ బిగించిన చోట సందు ఉన్నా పెట్టె శ్రుతి బలహీనపడుతుంది. సన్నని బేస్ స్వరం మోగిస్తూ వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపితే పొగ వణికిన చోట సందు ఉన్నట్లే. వడ్రంగి జిగురులో రంపపు పొట్టు కలిపి నింపితే సరిపోతుంది.

మూడవది పెట్టెను ఉంచిన చోటు. గోడ పక్కన, మూలన ఉంచితే బేస్ పెరుగుతుంది. ఆరుబయట ఎత్తైన బల్ల మీద ఉంచితే తగ్గుతుంది. బోలుగా ఉన్న కర్రల వేదిక మీద పెడితే వేదికే మోగి స్వరం మసకబారుతుంది. పెట్టెను నాలుగడుగులు జరిపితే తీరే సమస్యకు పలక కోయడం దండగ.

ఇవన్నీ సరిగా ఉండీ లోపం మిగిలితే, లేదా పాత స్పీకరు పోయి వేరే రకం స్పీకరు బిగించి ఉంటే, అప్పుడు గొట్టం మార్పు గురించి ఆలోచించవచ్చు. కంపెనీ పెట్టెలకు ఆ స్పీకరుకు తగిన శ్రుతి ముందే లెక్కించి పెడతారు. స్పీకరు మారినప్పుడు ఆ పొంతన చెదిరిపోతుంది. మార్పు నిజంగా అవసరమయ్యే సందర్భం చాలావరకు ఇదే.

లెక్క కష్టం కాదు

మొదట పెట్టె లోపలి పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలవాలి. మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 58, 46, 40 సెంటీమీటర్లయితే సుమారు 107 లీటర్లు. అందులో స్పీకరు, లోపలి బద్దలు, గొట్టం ఆక్రమించే చోటు ఏడు లీటర్లుగా తీసివేస్తే 100 మిగులుతుంది.

తరువాత గొట్టం లోపలి వ్యాసాన్ని కొలవాలి. పీవీసీ గొట్టాన్ని 'నాలుగంగుళాలు' అని అమ్మినా లోపలి కొలత కొద్దిగా మారుతుంటుంది కాబట్టి స్వయంగా కొలవడమే నయం. ఆ వ్యాసాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 23,560తో గుణించాలి. కావలసిన శ్రుతిని దానితోనే గుణించి, లీటర్లతో మరల గుణించి, ఆ మొత్తంతో మొదటిదాన్ని భాగించాలి. వచ్చిన దానిలోనుంచి వ్యాసంలో 0.73 వంతు తీసివేస్తే మిగిలేదే గొట్టం పొడవు.

100 లీటర్ల పెట్టె, 10 సెంటీమీటర్ల గొట్టం, 40 హెర్ట్జ్ శ్రుతి అనుకుంటే, పై అంకె 23,56,000. కింది అంకె 1,60,000. భాగిస్తే 14.7. అందులో 7.3 తీసివేస్తే 7.4 సెంటీమీటర్లు. ప్లైవుడ్ మందం కూడా ఈ పొడవులో భాగమేనని మరువరాదు.

నాలుగు తీగల గిటార్‌కు 40 ప్రాంతంలోని శ్రుతి సాధారణంగా అనుకూలం. 'ఈ' తీగ నాదంలో 41 హెర్ట్జ్‌తో పాటు దానికి రెట్టింపైన 82 కూడా బలంగా ఉంటుంది కాబట్టి శ్రుతి మరీ కిందికి దించవలసిన పని లేదు. చిన్న పెట్టెను 31కి దించితే 'బి' తీగ గంభీరంగా పలుకుతుందన్న ఆశ కూడా నెరవేరదు. ఆ లోతును మోసే శక్తి స్పీకరుకు ఉండాలి. స్పీకరు కాగితంలో ఎఫ్ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగిస్తే 100 దరిదాపుల్లో వచ్చే స్పీకర్లు రంధ్రం ఉన్న పెట్టెకు, 50 లోపు వచ్చేవి మూసిన పెట్టెకు తగినవని స్థూలమైన కొలబద్ద.

పని చేసే పద్ధతి

కోసిన చెక్క తిరిగి అతకదు. అందుకే తిరిగి తీసివేయగల మార్పుతో ఆరంభించాలి. ఉన్న రంధ్రంలో బిగుతుగా పట్టే పీవీసీ గొట్టాన్ని లెక్కకన్నా రెండు సెంటీమీటర్లు పొడవుగా కోసి అమర్చాలి. పరీక్షిస్తూ కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు. తగ్గించడం సులభం, పెంచాలంటే కొత్త గొట్టం కొనాలి.

గొట్టం లోపలి కొస పెట్టె వెనుక పలకకు కనీసం దాని వ్యాసమంత దూరంలో ఉండాలి. లోపల దూది, స్పాంజి వంటివి వేస్తే గోడలకు మాత్రమే అంటించాలి, గొట్టం నోటికి అడ్డు రాకూడదు. గట్టిగా వాయించినప్పుడు గొట్టం నుంచి 'భుస్సు'మని గాలి చప్పుడు వస్తుంటే గొట్టం ఇరుకైందని అర్థం. అంచులను ఆకురాయితో గుండ్రంగా చేస్తే కొంత తగ్గుతుంది. చాలకపోతే రెండు గొట్టాలు వాడవచ్చు. అయితే 40 హెర్ట్జ్ శ్రుతి నిలవాలంటే ఒక్కొక్కటి 22 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. రెండవ రంధ్రం కోసి, గొట్టాలను పాత పొడవులోనే వదిలివేయడం వల్లనే చాలా పెట్టెలు పాడవుతున్నాయి.

ఇప్పటికే రంధ్రం పెద్దదిగా కోయించిన వారు నిరాశ పడనక్కరలేదు. 15 సెంటీమీటర్ల రంధ్రానికి 22 సెంటీమీటర్ల పొడవైన గొట్టం అమర్చితే అదే 100 లీటర్ల పెట్టె తిరిగి 40కి వస్తుంది. లేదా రంధ్రం మీద ప్లైవుడ్ పలక బిగించి అందులో చిన్న గొట్టం పెట్టుకోవచ్చు.

సరిపోయిందో లేదో తెలిసేదిలా

స్వరాలను హెర్ట్జ్‌లలో మోగించే ఉచిత యాప్‌లు మొబైల్ ఫోన్లలో దొరుకుతున్నాయి. ఫోన్‌ను ఆంప్లిఫయరుకు కలిపి, శబ్దం తక్కువగా ఉంచి, 80 నుంచి మెల్లగా కిందికి దించుతూ కోనును గమనించాలి. ఒక చోట కోను కదలిక బాగా తగ్గి, గొట్టం ముందు ఉంచిన అరచేతికి గాలి బలంగా తగులుతుంది. ఆ అంకె పెట్టె శ్రుతి. ఇంకా దించితే కోను మళ్లీ ఎక్కువగా ఊగుతుంది. అక్కడే ఆపివేయాలి. స్పీకరు విప్పేటప్పుడు, తీగలు మార్చేటప్పుడు ఆంప్లిఫయరు ప్లగ్గు తీసివేయడం తప్పనిసరి.

శ్రుతి కుదిరాక కూడా ఒక జాగ్రత్త ఉంది. గ్రాఫిక్ ఈక్వలైజరు ఉన్నవారు 31 హెర్ట్జ్ మీటను బాగా కిందికి దించి ఉంచితే శ్రుతికి దిగువన ఉన్న అనవసర కంపనాలు స్పీకరును చేరవు. వినేవారికి తేడా అంతగా తెలియదు. స్పీకరు ఆయువు మాత్రం పెరుగుతుంది.

మూసివేయడమూ మార్గమే

మోత ఎక్కువై స్వరం స్పష్టంగా వినిపించని హాళ్లలో రంధ్రాన్ని దట్టమైన స్పాంజితో బిగించి చూడవచ్చు. పెట్టె అప్పుడు మూసిన పెట్టెలా ప్రవర్తిస్తుంది. అడుగు బలం కొంత తగ్గినా స్వరం బిగుతుగా, విడివిడిగా వినిపిస్తుంది. శబ్దం కూడా ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గుతుంది. బేస్ గిటార్ ప్రపంచంలో పేరు మోసిన ఆంపెగ్ సంస్థ 1969లో ఎస్‌వీటీ ఆంప్లిఫయరుకు జతగా తెచ్చిన ఎనిమిది స్పీకర్ల పెట్టెకు అసలు రంధ్రమే లేదు. దశాబ్దాలుగా రాక్ కచేరీల్లో వినిపిస్తున్న ఆ నాదానికి రంధ్రం అవసరం కాలేదు.

బేస్ గిటార్ గొప్పదనం అది గట్టిగా మోగడంలో లేదు. అది ఆగినప్పుడు పాట బోసిపోవడంలో ఉంది. ఆ స్వరాన్ని నిలబెట్టడానికి కావలసినవి ఒక టేపు, ఒక కాగితం, గొట్టం ముక్క, గంట సేపు ఓపిక. వీటి ఖర్చు కాలిపోయిన కాయిల్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు. వడ్రంగి దుకాణానికి పెట్టెను మోసుకుపోయే ముందు ఆ గంట వెచ్చిస్తే, వచ్చే ముహూర్తాల్లో కచేరీ మధ్యలో ఆగే అవసరం రాదు.